పాత స్కోప్‌తో సంచిలో వచ్చిన వింత ప్రోబులు: ఏవి ఉంచుకోవాలి, ఏవి వదిలించుకోవాలి

పోయిన ఎండాకాలం ఒక కాలేజీ వాళ్లు పాత ల్యాబ్ సామాను వేలం వేస్తే, లాటు మొత్తం పాడుకున్న కాశిబుగ్గ వైపు పాత సామాను దుకాణమాయన దగ్గర నేను ఒక టెక్ట్రానిక్స్ 465 స్కోప్ (కరెంటు సిగ్నల్ ఆకారాన్ని తెర మీద గీసి చూపే ఆసిలోస్కోప్) కొన్నాను. ధర మీద ఎంత గీచినా ఆయన దిగలేదు గానీ, పక్కన బియ్యం సంచిలో వైర్లు చుట్టలు చుట్టలుగా కనబడితే "అవేందన్నా" అని అడిగాను. "గవి దాని వైర్లే సార్, అన్నీ తీస్కపో" అన్నాడు. ఇంటికొచ్చి చాప మీద కుమ్మరిస్తే మొత్తం 14. అందులో మామూలు ప్రోబులా, అంటే సర్క్యూట్‌ను ముట్టుకుని సిగ్నల్‌ను స్కోప్‌కు తెచ్చే తీగలా, కనబడేవి నాలుగే. మిగతావాటిలో ఒకదానికి టిప్ (ముట్టుకునే మొన) బదులు జారే దవడ ఉంది, ఒకదాని తోక మూడు పిన్నుల ప్లగ్గుతో ముగిసింది, ఒకటి అచ్చం చపాతీ కర్రంత లావుంది, రెండు పెన్నుల్లా ఉన్నాయి, రెండింటి నిండా రంగురంగుల రిబ్బన్ తీగలు. దాని వైర్లే అన్నాడు కదా అని అన్నీ 465కి పెట్టి చూద్దామనుకున్నాను, అక్కడే రెండు ఆదివారాలు పోయాయి.

మీకూ ఇలాంటి సంచి దొరికితే నాలా రెండు ఆదివారాలు పోగొట్టుకోకుండా ఉండాలని ఇది రాస్తున్నాను. నేను హన్మకొండలో వెల్డింగ్ ఇన్వర్టర్లు, మోటారు స్టార్టర్ బోర్డులు, ఎస్‌ఎంపీఎస్‌లు (స్విచింగ్ పవర్ సప్లైలు) బాగు చేస్తాను, కాబట్టి నా సలహా రిపేరు బెంచీ వైపే మొగ్గుతుంది. ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) పని చేసేవాళ్లకు లెక్క కొంచెం తిరగబడుతుంది, అది వచ్చినప్పుడు చెప్తాను.

అందరం చేసే తప్పు ఒకటే, టిప్ వైపు చూస్తాం. టిప్ ఎలా ఉన్నా అది పెద్దగా ఏమీ చెప్పదు, ఎందుకంటే హుక్కు టోపీ పెడితే అన్నీ ఒకేలా కనబడతాయి. ప్రోబు ఎవరిదో, ఎందుకో చెప్పేది రెండో కొస, అంటే స్కోప్‌కు తగిలే వైపు. ఏనుమాముల మార్కెట్లో మిర్చిలో తాలు కాయ ఏరినట్టు, ముందు ఆ కొస చూసి కుప్పలు పెట్టండి, ఆ తర్వాతే మీటరు పట్టండి.

మామూలు బీఎన్‌సీ (స్కోప్‌కు తిప్పి బిగించే గుండ్రటి కనెక్టర్), దాని వెనక చిన్న పెట్టె, పెట్టెలో స్క్రూడ్రైవర్ పట్టే రంధ్రం ఉంటే అది పాసివ్ ప్రోబు, అంటే కరెంటు అక్కర్లేనిది, ఏ స్కోప్‌కైనా తగులుతుంది, పొసగుతుందో లేదో తర్వాత చూద్దాం. కొన్నింటికి ఆ రంధ్రం టిప్ వైపు ఉంటుంది, అది కూడా అదే జాతి. బీఎన్‌సీ పక్కన స్ప్రింగుతో లోపలికి నొక్కుకునే చిన్న పిన్ను పొడుచుకొచ్చి ఉంటే భయపడకండి, అది విరిగిన ముక్క కాదు. ఇది 10ఎక్స్ ప్రోబు, అంటే సిగ్నల్‌ను పదో వంతు చేసి పంపేది, అని స్కోప్‌కు చెప్పే పిన్ను. టెక్ట్రానిక్స్ వాటిలో ఆ పిన్నుకూ గ్రౌండుకూ మధ్య 11 కిలో ఓమ్ కనబడితే 10ఎక్స్ అని అర్థం. ఆ సౌకర్యం లేని స్కోప్‌కు పెట్టినా ప్రోబు పనిచేస్తుంది, స్కేలు మాత్రం మీరే పదితో గుణించుకోవాలి.

బీఎన్‌సీ చుట్టూ లావుపాటి ప్లాస్టిక్ డబ్బా, దాని ముఖం మీద వరసగా బంగారు రంగు చుక్కలు ఉంటే అది స్కోప్ నుంచే కరెంటు తీసుకునే యాక్టివ్ ప్రోబు. టెక్ట్రానిక్స్ వాళ్లు దీన్ని టెక్‌ప్రోబ్ అన్నారు, టీడీఎస్ 500, 700 వరస స్కోపులకు ఇలాంటివి తగులుతాయి. పి6205, పి6243 లాంటివి ఈ కోవలోవే. బీఎన్‌సీతో పాటు పక్కకు ఇంకో తీగ పోయి మూడు పిన్నుల ప్లగ్గుతో ముగిస్తే అది హెచ్‌పీ వాళ్ల పాత యాక్టివ్ ప్రోబు, ఉదాహరణకు 500 మెగాహెర్ట్జ్ 1120ఏ. ఆ ప్లగ్గు వాళ్ల స్పెక్ట్రమ్ అనలైజర్ ముందు ప్యానెల్లో ప్రోబ్ పవర్ అని రాసి ఉండే సాకెట్లోకి పోతుంది, ప్లస్ 15, మైనస్ 12.6 వోల్టులు అడుగుతుంది. బీఎన్‌సీ అసలు లేకుండా గుప్పెడు పిన్నుల గుండ్రటి లావు ప్లగ్గు ఉంటే అది తన సొంత ఆంప్లిఫైయర్ పెట్టెకు తప్ప దేనికీ తగలదు. బనానా ప్లగ్గులు ఉంటే అది స్కోప్ ప్రోబే కాదు, మల్టీమీటరుది. రిబ్బన్ తీగ, చివర్న చిన్నచిన్న పట్టుకొమ్మలు ఉంటే, చాలా డిజిటల్ లైన్లను ఒకేసారి చూసే లాజిక్ అనలైజర్ పాడ్.

ఇంతవరకు చూపుతోనే అయిపోతుంది. నా 14లో ఎనిమిది ఇక్కడే తేలిపోయాయి. అసలు తిప్పలు పెట్టింది మామూలుగా కనబడే ఆ నాలుగే.

వాటిలో ఒకదాని మీద 10ఎక్స్ అని అచ్చు వేసి ఉంది. సన్నటి కేబుల్, చక్కటి టిప్, చూడటానికి కొత్తదానిలా ఉంది. దాంతో ఒక కంట్రోల్ బోర్డు మీద 5 వోల్టుల లైను చూస్తే, 10ఎక్స్ లెక్కన స్కోప్ మీద 50 వోల్టులు వచ్చింది. నిజంగా 50 ఉంటే ఆ బోర్డు మీద ఐసీలన్నీ ఎప్పుడో పేలాలి. స్కోప్ అటెన్యుయేటర్ పోయిందేమోనని మూత విప్పాను, నాబ్ కాంటాక్టులు తుడిచాను, ఇంకో ఛానెల్‌కు మార్చాను, అన్నిట్లో అదే 50. పూటంతా అయ్యాక, ఇంట్లో తిట్లు మొదలయ్యాక, అప్పుడు గుర్తొచ్చింది ప్రోబును ఒకసారి ఓమ్స్‌లో చూద్దామని. టిప్ నుంచి బీఎన్‌సీ మధ్య పిన్నుకు 450 ఓమ్.

స్కోప్ లోపలి 1 మెగాఓమ్‌తో కలిసి పదో వంతు చేయడానికి 9 మెగాఓమ్ ఉండాల్సిన చోట 450 ఓమ్! ఇది 50 ఓమ్ ఇన్‌పుట్ ఉన్న స్కోప్ కోసం చేసిన ప్రోబు. 450, స్కోప్ లోపలి 50 కలిస్తే 500, అందులో 50 అంటే పదో వంతు. నా 465కి 50 ఓమ్ ఇన్‌పుట్ లేదు, ఉన్నది 1 మెగాఓమ్, దాని ముందు 450 ఓమ్ అంటే లేనట్టే, వోల్టేజీ మొత్తం లోపలికి వచ్చేసింది, నేను పదితో గుణించుకుంటూ కూర్చున్నాను. కోఠీ గుజరాతీ గల్లీలో తీసుకున్న 50 ఓమ్ ఫీడ్‌త్రూ టెర్మినేటర్ (లోపల 50 ఓమ్ రెసిస్టర్ ఉన్న బీఎన్‌సీ ముక్క) ప్రోబుకూ స్కోప్‌కూ మధ్యలో పెట్టగానే బుద్ధిగా 5 చూపించింది. టెక్ట్రానిక్స్ పి6056 ఈ రకమే, 3.5 గిగాహెర్ట్జ్ దాకా పోతుంది, 5 కిలో ఓమ్‌తో వంద వంతు చేసే దాని తమ్ముడు పి6057. వేగం కోసం చేసినవి ఇవి, కానీ సర్క్యూట్ మీద 500 ఓమ్ భారం పడుతుంది, అర వాట్ రెసిస్టర్ అనుకుంటే 16 వోల్టులు దాటకూడదు. టెర్మినేటర్ పెట్టి పొరపాటున ఎస్‌ఎంపీఎస్ 325 వోల్టుల లైను ముట్టుకుంటే ప్రోబు బతకదు.

కాబట్టి దేన్నైనా స్కోప్‌కు పెట్టకముందే మల్టీమీటరుతో మూడు చోట్ల చూడండి. టిప్ నుంచి మధ్య పిన్ను, మధ్య పిన్ను నుంచి బయటి గుల్ల, క్లిప్పు నుంచి బయటి గుల్ల.

టిప్ నుంచి మధ్య పిన్నుకు 9 మెగాఓమ్ దగ్గర వస్తే 10ఎక్స్, మీ అదృష్టం. వంద నుంచి మూడు వందల ఓమ్ మధ్య వస్తే 1ఎక్స్. ఆ వందల ఓమ్ ఏంటి, వైరే కదా అని అనుమానం వస్తుంది. ప్రోబు కేబుల్లో మధ్య తీగ రాగి కాదు, కావాలనే రెసిస్టెన్స్ తీగ వేస్తారు, లేకపోతే కేబుల్లో సిగ్నల్ అటూఇటూ తన్నుకుని గంట కొట్టినట్టు అలలు వస్తాయి. 1950ల్లో టెక్ట్రానిక్స్‌లో కోబీ, పోలిట్స్ అనే ఇద్దరు కనిపెట్టిన ఉపాయం ఇది, ఇప్పటికీ అన్ని కంపెనీల వాళ్లూ అదే వాడుతున్నారు. వెంట్రుకంత సన్నగా ఉంటుంది ఆ తీగ, సోల్డర్ పట్టదు. కేబుల్ మెడ దగ్గర తెగిన ప్రోబును మామూలు కోయాక్స్ వేసి బాగుచేద్దామని నేను ఒకసారి కూర్చున్నాను, బాగైంది కూడా, స్క్వేర్ వేవ్ అంచు మీద మాత్రం దువ్వెన పళ్లు వచ్చాయి. తెగింది పారేయండి, హుక్కులూ గ్రౌండ్ తీగలూ పీకి దాచుకోండి.

450 ఓమ్, 950 ఓమ్, 4.95 కిలో ఓమ్, ఇలాంటి అంకెలు కనబడితే పైన చెప్పిన 50 ఓమ్ జాతి, వరసగా పది, ఇరవై, వంద వంతులు. 99 మెగాఓమ్ అయితే 100ఎక్స్. కొన్ని 100ఎక్స్ ప్రోబులు మోసం చేస్తాయి: టిప్ నుంచి 9.9 మెగాఓమ్ చూపి 10ఎక్స్ అనిపిస్తాయి, కానీ మధ్య పిన్ను నుంచి గుల్లకు చూస్తే 111 కిలో ఓమ్ దొరుకుతుంది. టెక్ట్రానిక్స్ పి6009 లెక్క ఇలాంటిదే, మొత్తం 10 మెగాఓమ్, 2.5 పికోఫారడ్, 1500 వోల్టులు. అందుకే రెండో కొలత మానొద్దు. మామూలు 10ఎక్స్‌లో మధ్య పిన్ను నుంచి గుల్లకు ఏమీ రాకూడదు.

డయోడ్ రేంజిలో ఒకవైపు వచ్చి, తిప్పి పెడితే రాకపోతే లోపల డయోడ్ ఉన్నట్టు, డీమాడ్యులేటర్ ప్రోబు. టీవీలు, రేడియోలు ట్యూన్ చేసే కాలంలోది, స్కోప్ మీద అసలు వేవ్ కాకుండా దాని పైగీత మాత్రమే కనబడుతుంది. రేడియో పిచ్చి ఉన్నవాళ్లకు బంగారం, నాకు అక్కర్లేదు.

ఏమీ రాకపోతే తొందరపడి చచ్చిందనకండి. మధ్యలో కెపాసిటర్ ఉండొచ్చు, యాక్టివ్ అయి ఉండొచ్చు. అంతకంటే ముందు స్విచ్ చూడండి. 1ఎక్స్, 10ఎక్స్ స్విచ్ ఉన్న కొన్నింటికి మధ్యలో రెఫ్ అని మూడో స్థానం ఉంటుంది, అక్కడ పెడితే టిప్ తెగిపోయి స్కోప్ వైపు గ్రౌండ్ అయిపోతుంది. ఒక స్నేహితుడు ఇలాంటిది పారేయమని నాకిచ్చాడు, స్విచ్ జరిపి వాడుకుంటున్నాను, ఆయనకు ఇంకా చెప్పలేదు.

ఒక చిక్కు ఉంది. చౌకగా దొరికే పసుపు రంగు చిన్న మీటరు 2 మెగాఓమ్ దాకానే చూస్తుంది, 9 మెగాఓమ్ పెట్టినా 1 అని చూపి ఊరుకుంటుంది. అప్పుడు 9 వోల్టుల బ్యాటరీ తీసుకోండి. ప్లస్‌కు టిప్, మైనస్‌కు గ్రౌండ్ క్లిప్పు, బీఎన్‌సీ వైపు మీటరును వోల్టుల్లో పెట్టండి. మంచి మీటరు లోపల 10 మెగాఓమ్ ఉంటుంది కాబట్టి 10ఎక్స్ ప్రోబు సుమారు 4.7 వోల్టులు చూపిస్తుంది. పసుపు మీటరు లోపల 1 మెగాఓమే, అందుకే 0.9. అంటే స్కోప్ లాగే సరిగ్గా పదో వంతు, చౌక మీటరే ఇక్కడ మేలు! 99 మెగాఓమ్ ఉన్న 100ఎక్స్ అయితే మంచి మీటరు మీద 0.8 దగ్గర వస్తుంది. 9 వోల్టులకు 9 వస్తే 1ఎక్స్ గానీ 50 ఓమ్ జాతి గానీ, ఏదో ఓమ్స్‌లో తేల్చుకోండి.

ఆ చపాతీ కర్ర సంగతి చెప్పాలి. అది పాత టీవీ పిక్చర్ ట్యూబ్ వోల్టేజీ కొలిచే ఈహెచ్‌టీ ప్రోబు, బనానా ప్లగ్గుల రకం. ఫ్లూక్ 80కె-40 ఇలాంటిదే: లోపల 1000 మెగాఓమ్, వెయ్యో వంతు, 40 కిలోవోల్టులు. బనానా నుంచి బీఎన్‌సీకి అడాప్టర్ దొరుకుతుంది కదా అని నేను స్కోప్‌కు పెట్టాను. ఒక వాల్వ్ ఆంప్లిఫైయర్లో 400 వోల్టుల లైను మీద 0.4 రావాలి, వచ్చింది 0.21. ఎందుకంటే ఆ ప్రోబు 10 మెగాఓమ్ మీటరు కోసం లెక్క వేసి చేసింది, కింద వైపు 1.11 మెగాఓమ్ పెట్టి 10తో కలిస్తే 1 అయ్యేలా. స్కోప్ 1 మెగాఓమ్ దానికి పక్కన చేరితే సగానికి పడిపోతుంది. 400 దగ్గర ఇది తమాషా, 20 వేల దగ్గర మాత్రం స్కోప్ 10 వేలే చూపిస్తుంది, మీరు ధైర్యంగా చెయ్యి పెడతారు. పైగా అది డీసీకీ 60 హెర్ట్జ్‌కీ చేసింది, పల్సులకు కాదు. దీన్ని మీటరుకే ఉంచండి.

స్కోప్‌కు చేసిన అసలు హైవోల్టేజ్ ప్రోబు వేరు. టెక్ట్రానిక్స్ పి6015 దొరికితే, వెయ్యో వంతు, 20 కిలోవోల్టుల డీసీ, దాని పాత రకంలో లోపల ఇన్సులేషన్ కోసం ఫ్రియాన్ 114 ద్రవం పోసేవాళ్లు. ఇన్నేళ్లలో అది ఎగిరిపోయి ఉంటుంది. ఖాళీ గొట్టాన్ని 20 కిలోవోల్టులకు పెట్టడం అంటే చేతిలో పిడుగు పట్టుకోవడమే. తర్వాత వచ్చిన పి6015ఏలో సిలికోన్ ఇన్సులేషన్, దానికి ఈ బాధ లేదు. పేరు చివర 'ఏ' అక్షరం లేని పాత పి6015 దొరికితే అలమారాలో అందానికి పెట్టుకోండి.

ఇక ఎంపిక. స్విచింగ్ సప్లైలు, ఇన్వర్టర్లు చేసే నాలాంటివాళ్లకు సంచిలో 10ఎక్స్ రెండు దొరికితే సగం పని అయిపోయినట్టే. అవి మీ స్కోప్‌కు పొసగుతాయో లేదో స్కోప్ పరీక్ష సిగ్నల్ ఇచ్చే కాల్ పాయింట్ దగ్గర 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ మీద చూడండి. స్క్రూ తిప్పితే అంచు మొన తేలి, తర్వాత చదునై, తర్వాత గుండ్రం కావాలి. ఈ మూడూ కనబడితే సరే. మొన నుంచి చదునుకు రానే రాకపోతే, లేదా గుండ్రం పోనే పోకపోతే ప్రోబు మంచిదే, మీ స్కోప్ ఇన్‌పుట్ కెపాసిటెన్స్ దానికి సరిపోలేదు. 465కి 20 పికోఫారడ్, తర్వాతి 2465కి 15, వేరే కంపెనీల వేగం స్కోపులకు ఇంకా తక్కువ ఉంటుంది. ఎవరి ప్రోబు వాళ్లకే. అలాంటిదాన్ని బలవంతంగా వాడటం కంటే ఆ స్కోప్ ఉన్నవాళ్లకిచ్చి వాళ్ల దగ్గర మీది తెచ్చుకోవడం మేలు.

పి6100 అని రాసి ఉండే చైనా ప్రోబు కొత్తది కొనాలా, పాత టెక్ట్రానిక్స్ 10ఎక్స్ వాడాలా అని అడుగుతారు. నంబరు చూసి అది టెక్ట్రానిక్స్ అనుకోకండి, పేరు పోలిక అంతే. నాకు ఒకటి ఆరేడు వందలకు పడింది, 20 మెగాహెర్ట్జ్ లోపు పనికి తేడా కనబడలేదు, హుక్కు మాత్రం ఆరు నెలలకు వదులైంది. పాతదాని కేబుల్ మెత్తగా, మెడ దగ్గర పగుళ్లు లేకుండా ఉంటే పాతదే నా ఓటు. రబ్బరు జిగటగా మారి చేతికంటుకుంటుంటే కొత్తది కొనేయండి. కొత్తదాని స్విచ్ ఎప్పుడూ 10ఎక్స్‌లోనే ఉంచండి, 1ఎక్స్‌లో అది ఆరేడు మెగాహెర్ట్జ్ దాటదు, పైగా సర్క్యూట్ మీద వంద పికోఫారడ్ దాకా భారం వేస్తుంది. ఆ స్విచ్ టేప్ వేసి అతికించేసిన రోజు నుంచి నాకు శాంతి.

100ఎక్స్ గానీ, ఎర్త్‌తో పని లేకుండా రెండు చోట్ల మధ్య తేడాను కొలిచే డిఫరెన్షియల్ ప్రోబు గానీ ఒకటే కొనగలిగితే ఏది? చాలామంది 100ఎక్స్ అంటారు, చౌక కాబట్టి. నేను ఒప్పుకోను. ఎస్‌ఎంపీఎస్ ముందు వైపు, అంటే మెయిన్స్ వైపు, అసలు గండం వోల్టేజీ కాదు, గ్రౌండ్ క్లిప్పు. స్కోప్ గుల్ల గోడ ఎర్త్‌కు కలిసి ఉంటుంది, క్లిప్పును బ్రిడ్జి మైనస్‌కు పెడితే మెయిన్స్‌ను ఎర్త్‌కు షార్ట్ చేసినట్టు. ఒక వెల్డింగ్ ఇన్వర్టర్ మీద నేను ఈ పని చేశాను, టప్‌మని శబ్దం, బ్రిడ్జి పోయింది, ఇంటి మెయిన్ పడింది, క్లిప్పు మొనలో ఒక పన్ను కరిగి రాలిపోయింది. ఆ క్లిప్పు ఇప్పటికీ బెంచీ మీద మేకుకు వేలాడుతుంది. 100ఎక్స్ ఉన్నా అప్పుడు అదే జరిగేది. స్కోప్ ఎర్త్ పిన్ను పీకేయమని సలహా ఇచ్చేవాళ్లు మన దగ్గర ఊరికొకరు ఉంటారు, వినకండి, స్కోప్ ఒళ్లంతా 325 వోల్టులకు ఎక్కుతుంది. ఎర్రది, నల్లది రెండు తీగలు, మధ్యలో పెట్టె, 50, 500 వంతులో లేదా 100, 1000 వంతులో ఉంటే అది డిఫరెన్షియల్. సంచిలో ఇది దొరికితే మిగతావన్నీ ఫ్రీ అనుకోండి. పాతవాటిలో టెక్ట్రానిక్స్ పి5200, 25 మెగాహెర్ట్జ్, 1300 వోల్టులు, రిపేరుకు ఇంతకంటే అక్కర్లేదు.

కొనే స్తోమత లేనప్పుడు రెండు 10ఎక్స్‌లను రెండు ఛానెళ్లకు పెట్టి, రెంటినీ ఒకే వోల్ట్ స్కేలులో ఉంచి, రెండోది ఇన్వర్ట్ చేసి యాడ్ నొక్కితే పేదవాడి డిఫరెన్షియల్ తయారు. 465లో ఈ రెండూ ఉన్నాయి. గ్రౌండ్ క్లిప్పులు బోర్డుకు తగలకుండా ఒకదానికొకటి పట్టించండి. మెల్లటి వేవ్‌లకు బాగుంటుంది, గేట్ డ్రైవ్ అంచుల దగ్గర చెత్త కనబడుతుంది. 100ఎక్స్ ఎప్పుడు కొనాలంటే ఫ్లైబ్యాక్ సప్లైలో స్విచింగ్ ట్రాన్సిస్టర్ డ్రైన్ మీద ఆరేడు వందల వోల్టుల పల్సులు రోజూ చూసేవాళ్లు కొనాలి. 10ఎక్స్ మీద రాసిన 600 వోల్టులు డీసీకి, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఆ హద్దు తగ్గుతూ పోయి పదుల మెగాహెర్ట్జ్ దగ్గర పదుల వోల్టులకు వస్తుంది.

జారే దవడ ఉన్నది కరెంట్ ప్రోబు. దవడలో వైరు పెట్టి ముందుకు తోస్తే టక్కుమని మూసుకోవాలి. దీంట్లో రెండు జాతులున్నాయి, వాటి ధర, గతి పూర్తిగా వేరు. తోకకు చిన్న పెట్టె, పెట్టె మీద 2, 10 మిల్లీయాంప్ అని రెండు స్థానాల స్విచ్, చివర బీఎన్‌సీ ఉంటే పి6021 లాంటి ట్రాన్స్‌ఫార్మర్ రకం. కరెంటు అక్కర్లేదు, నేరుగా ఏ స్కోప్‌కైనా పోతుంది, తప్పకుండా ఉంచుకోండి. దాని చూపు 120 హెర్ట్జ్ పైనే, 60 మెగాహెర్ట్జ్ దాకా. మోటారు తీసుకునే 50 హెర్ట్జ్ కరెంటు కొలుద్దామంటే కుదరదు, డీసీ ఎక్కువ పోతే కోర్ నిండిపోయి అబద్ధం చెబుతుంది. నాకు దొరికింది ఇదే, చోక్ కరెంటు చూడటానికి దీన్ని మించింది లేదు. తల ఉండి పెట్టె లేకపోతే మాత్రం రీడింగ్ నమ్మొద్దు.

రెండో జాతి డీసీ కూడా చూసే హాల్ రకం, పి6302 లాంటివి, గుప్పెడు పిన్నుల ప్లగ్గుతో. దానికి ఏఎం503 అనే ఆంప్లిఫైయర్ కావాలి, ఆ ఆంప్లిఫైయర్‌ను కూర్చోబెట్టడానికి టీఎం500 ఫ్రేము కావాలి, స్కోప్ ఇన్‌పుట్ దగ్గర 50 ఓమ్ టెర్మినేటర్ కావాలి. గేదె కొనబోయి కొట్టం కట్టినట్టు అవుతుంది. తల ఒక్కటే దొరికితే అమ్మేయండి, ఆ పెట్టె ఉన్నవాళ్లు వెతుక్కుంటూ ఉంటారు.

యాక్టివ్ ప్రోబుల మీద నా మాట కటువుగానే ఉంటుంది: రిపేరు బెంచీ మీద వద్దు. టిప్ లోపలి ఎఫ్‌ఈటీ ట్రాన్సిస్టర్‌కు మన ఎండాకాలం కుర్చీ గుడ్డ స్టాటిక్ చాలు, చచ్చిపోతుంది. టెక్‌ప్రోబ్ రకానికి 1103 అనే సప్లై పెట్టె ఉంటుంది, దాంతో ఏ స్కోప్‌కైనా రెండు ప్రోబులు వాడొచ్చు. హెచ్‌పీ మూడు పిన్నుల రకానికి రెండు రెగ్యులేటర్లతో మీరే సప్లై కట్టుకోవచ్చు. నిట్‌లోనో ఇంకెక్కడో చదువుకుంటూ వేగం డిజిటల్, ఆర్‌ఎఫ్ బోర్డులు చేసే పిల్లలకు మాత్రం ఇదే అసలు సరుకు, వాళ్లు దీన్నీ ఆ 450 ఓమ్‌దాన్నీ ఉంచుకుని నా చపాతీ కర్రను వదిలేయాలి. ఆ రెంటిలో ఒకటే అంటే 450 ఓమ్‌ది. దానికి కరెంటు వద్దు, టిప్‌లో చచ్చే ఐసీ లేదు, భారం తట్టుకోలేని సర్క్యూట్ అయితేనే యాక్టివ్.

పెన్నుల్లా ఉన్నవి పారేయబోయి ఆగాను. హెచ్‌పీ వాళ్లు ఒకే ఆకారంలో మూడు పెన్నులు చేశారు. టీటీఎల్, సీమాస్ అని జారే స్విచ్ ఉంటే 545ఏ లాజిక్ ప్రోబు, పల్సులు కొట్టేది 546ఏ, సెన్సిటివిటీ తిప్పే చక్రం ఉంటే 547ఏ కరెంట్ ట్రేసర్. ఈ చివరిది దొరికితే వదలొద్దు. 4.5 నుంచి 18 వోల్టుల మధ్య ఏదో ఒక సప్లై ఇచ్చి, షార్ట్ అయిన లైను మీద మొన ఆనించి జరుపుతూ పోతే, పల్సు కరెంటు పోయే దారిలో దీపం వెలుగుతుంది, షార్ట్ ఉన్న ఐసీ దాటగానే ఆరిపోతుంది. బోర్డు మీద ఇరవై కెపాసిటర్లు ఒక్కొక్కటి పీకే బాధ తప్పుతుంది.

రిబ్బన్ పాడ్‌ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వాటి అనలైజర్ లేకుండా పనికిరావు, కానీ చివర్న ఉండే చిన్న పట్టుకొమ్మలు విడిగా కొంటే ఖరీదు, పీకి దాచుకోండి.

14లో చివరికి నేను ఉంచుకున్నవి ఆరు: 10ఎక్స్ రెండు, 450 ఓమ్‌ది, కరెంట్ ప్రోబు, ట్రేసర్, చపాతీ కర్ర మీటరు కోసం. యాక్టివ్ రెండు ఆన్‌లైన్లో పోయాయి, వాటితోనే స్కోప్ ధరలో మూడో వంతు వెనక్కి వచ్చింది. అమ్మేటప్పుడు కొనేవాళ్లకు బీఎన్‌సీ వైపు ఫోటో, మూడు రీడింగులు ఇస్తే బేరం అయిదు నిమిషాల్లో తేలుతుంది.

మొన్న దుకాణమాయన ఫోన్ చేసి ఇంకో సంచి వచ్చిందన్నాడు. వైర్ల వెనక కొస ఫోటోలు పెట్టమన్నాను. పదకొండు ఫోటోలు వచ్చాయి, పదకొండూ టిప్‌లవే.